గ్రహానికి యంత్రం, గుడికి నమూనా

2023 ఆగస్టు 23 సాయంత్రం తార్నాక చౌరస్తా దగ్గర ఒక హోటల్లో నేనూ, ముగ్గురు విద్యార్థులూ, పేరూ వూరూ తెలియని మరో పాతికమందీ గోడకున్న టెలివిజన్ వైపు తలలెత్తి చూస్తున్నాం. చాయ్ చల్లారిపోతున్నా ఎవరికీ పట్టలేదు. ఆరు గంటల నాలుగు నిమిషాలకు విక్రం చంద్రుడి నేల మీద దిగింది. హోటలంతా చప్పట్లు. ఆటో నడిపే మనిషి ఒకాయన పక్కవాణ్ణి కావలించుకున్నాడు. కౌంటరు దగ్గర కూర్చున్న పెద్దాయన రెండు చేతులూ జోడించి, "అంతా పైవాడి దయ" అన్నాడు. నా పక్కనున్న విద్యార్థి మన సంఘాల్లో చురుగ్గా పనిచేసేవాడు, చదువుకున్నవాడు. అతను పెదవి విరిచాడు. "తినేటందుకు లేనోళ్ళు ఇంతమంది ఉంటే, చంద్రుని మీదికి పోయి ఏం జేస్తం సార్?" అన్నాడు.

ఈ రెండు మాటలూ ఒకదానికొకటి ఆగర్భశత్రువులుగా కనబడతాయి. నేను వాటిని అన్నదమ్ములంటాను. పెద్దాయన ఆ యంత్రం వెనక దేవుణ్ణి చూశాడు. కుర్రవాడు ప్రభుత్వాన్ని చూశాడు. దాన్ని చేసిన మనుషులను ఇద్దరూ చూడలేదు. పెద్దాయనతో నాకు పేచీ లేదు. ఆయన నమ్మకం ఆయన సొంతం, దానితో ఆయన ఎవరి జేబూ కొట్టలేదు. పేచీ ఆయన నమ్మకాన్ని పెట్టుబడిగా పెట్టి వ్యాపారం చేస్తున్న పాలకులతో వుంది. కుర్రవాడితో కూడా వుంది, అతను మనవాడు గనుక.

దిగడమంటే ఏమిటో ముందు తెలుసుకోవాలి. ఎక్కడం కన్నా దిగడం కష్టమని చెట్టెక్కిన ప్రతి పిల్లవాడికీ తెలుసు. చంద్రుడి చుట్టూ తిరిగే యంత్రం సెకనుకు సుమారు 1.68 కిలోమీటర్ల వేగంతో పోతూ వుంటుంది. ముప్ఫై కిలోమీటర్ల ఎత్తునుంచి బయలుదేరి, ఆ వేగాన్నంతా పందొమ్మిది నిమిషాలలో చంపుకుని, కాళ్ళు విరగకుండా నేల తాకాలి. అక్కడ గాలి లేదు గనుక పారాచూటు పనికిరాదు. ఇంజన్లను ఎదురు మండించడం ఒకటే దారి. అంగారకుడి మీద గాలి వుంది, కాని అది మన గాలిలో నూరోవంతైనా లేదు. యంత్రాన్ని కాల్చడానికి అది చాలు, ఆపడానికి చాలదు. శుక్రుడి సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. అక్కడ గాలి వొత్తిడి మన దగ్గరకన్నా సుమారు తొంభై రెట్లు. సీసం కరిగే వేడి.

అంతకన్నా పెద్ద చిక్కు దూరం. 2012లో అమెరికా వారి క్యూరియాసిటీ అంగారకుడి మీద దిగిన రోజున, అక్కడినుంచి భూమికి సంకేతం రావడానికి సుమారు పద్నాలుగు నిమిషాలు పట్టింది. గాలిలోకి ప్రవేశించి నేల తాకడానికి ఆ యంత్రానికి పట్టింది ఏడు నిమిషాలు. అంటే "ఇదుగో, లోపలికి పోతున్నాను" అన్న కబురు ఇక్కడికి చేరేసరికి అది దిగి ఏడు నిమిషాలు గడిచిపోయింది. లేదా పగిలి ఏడు నిమిషాలు గడిచి వుండేది. చంద్రుడికి సంకేతం సెకనున్నర లోపలే చేరుతుంది గాని, విక్రం కూడా ఆ పందొమ్మిది నిమిషాలూ తన దారి తానే చూసుకున్నది. బెంగుళూరులో కంప్యూటర్ల ముందు కూర్చున్నవారు తార్నాక హోటల్లో కూర్చున్న మాలాంటి ప్రేక్షకులే, కాకపోతే కాస్త ముందు వరసలో వున్నారు.

కనుక ఆ యంత్రానికి తన బుద్ధి తనకే వుండాలి. "ఒకవేళ ఇలా అయితే" అన్న ప్రతి ప్రశ్నకూ ముందుగానే ఎవరో మనుషులు కూర్చుని, తగాదాలు పడి, లెక్కలు కట్టి, జవాబు రాసిపెట్టి వుండాలి. ఆ యంత్రం మోసుకుపోయేది అదే.

తార్నాకలో లాలాపేట వైపు బస్సెక్కితే ఇ.సి.ఐ.ఎల్. వస్తుంది. 1967లో స్థాపించిన ప్రభుత్వరంగ సంస్థ. బెంగుళూరు దగ్గర బ్యాలాలులో నిలబడివున్న 32 మీటర్ల యాంటెన్నాను తయారుచేసింది ఈ సంస్థే. 2008 నాటి మొదటి చంద్రయానం కోసం కట్టిన ఆ పళ్ళెమే తరువాత 2014లో అంగారకుడి కక్ష్యలో చేరిన మంగళయానం మాటలనూ వినిపించింది. నగరానికి అవతలి కొసన కంచన్‌బాగ్‌లో మిధాని వుంది. రాకెట్లకు కావలసిన ప్రత్యేకమైన ఉక్కులూ మిశ్రలోహాలూ అక్కడ తయారవుతాయి. టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని పొద్దున షిఫ్టుకు పోయే ఫిట్టరూ, వెల్డరూ, టర్నరూ ఈ దండయాత్రలో వున్నారు. ఆ సాయంత్రం టెలివిజన్ తెరను రెండు ముక్కలు చేసి ఒకదానిలో యంత్రాన్నీ, రెండవదానిలో ప్రధానమంత్రినీ చూపించారు. ఫిట్టరుకు మూడో ముక్క దొరకలేదు.

ఇక గుడి సంగతి. 2023 జులై 14న రాకెట్టు శ్రీహరికోటనుంచి లేవడానికి ముందురోజు ఇస్రో బృందమొకటి చంద్రయానం చిన్న నమూనాను తిరుమలకు తీసుకుపోయి స్వామివారి ముందు పెట్టింది. సంస్థ అధ్యక్షుడు సోమనాథ్ సూళ్ళూరుపేటలో చెంగాళమ్మ గుడికి వెళ్ళి పూజ చేయించాడు. పత్రికలన్నీ బొమ్మలు వేశాయి. "శాస్త్రజ్ఞుడైతే మాత్రం భక్తి వుండకూడదా?" అని అడుగుతారు. ఇంట్లో వుండవచ్చు. ప్రజల డబ్బుతో చేసిన యంత్రం నమూనాను పట్టుకుని, సంస్థ హోదాలో, కెమెరాల ముందుకు వెళ్ళినప్పుడు అది ఒక మనిషి భక్తిగా మిగలదు. ప్రభుత్వ ప్రకటన అవుతుంది. సరే, ప్రకటననే పరీక్షకు పెడదాం. 2019 జులైలో రెండవ చంద్రయానానికి ముందు అప్పటి అధ్యక్షుడు శివన్ కూడా తిరుమల దర్శనం చేసుకున్నాడు. ఆ నెల 15న లేవవలసిన రాకెట్టు గంటలోపు సమయముండగా లోపం బయటపడి ఆగిపోయింది. 22న లేచింది. సెప్టెంబరు 7 తెల్లవారుజామున ఆ విక్రం చంద్రుడి మీద కూలింది.

అదే కొండ, అదే స్వామి, అదే దర్శనం. నాలుగేళ్ళలో ఫలితం మారింది. మారనిదాన్ని మారినదానికి కారణంగా చెప్పడం ఏ తర్కశాస్త్రంలోనూ చెల్లదు. అయితే మారిందేమిటి? దీనికి సోమనాథ్ గారే 2023 జులైలో శుభ్రంగా జవాబు చెప్పాడు. మొదటిసారి అయిదు ఇంజన్లూ లెక్కకన్నా ఎక్కువ బలంతో నెట్టాయి. చిన్న తప్పులు పోగుపడ్డాయి. వాటిని దిద్దుకోవడానికి యంత్రం తిరగవలసినంత వేగంగా తిరగడానికి లోపలి ప్రోగ్రాం ఒప్పుకోలేదు. దిగవలసిన చోటు అయిదొందల మీటర్ల పొడుగూ, అంతే వెడల్పూ మాత్రమే. రెండవసారి ఇంజన్లు నాలుగయ్యాయి, కాళ్ళు గట్టిపడ్డాయి, ఇంధనం పెరిగింది, దిగే చోటు నాలుగు కిలోమీటర్ల పొడుగు, 2.4 కిలోమీటర్ల వెడల్పు అయింది. ఏది సరిగా జరుగుతుందని కాక, ఏదేది చెడవచ్చునో అక్కడినుంచి మొదలుపెట్టి యంత్రాన్ని మళ్ళీ గీశామని చెప్పాడు. ఇంత మంచి పాఠం నేను చాలాకాలంగా వినలేదు. ఇది చెప్పగలిగిన మనిషే, ఆ సంవత్సరం మేలో ఉజ్జయినిలో సంస్కృత విశ్వవిద్యాలయం వేదిక మీద నిలబడి, బీజగణితం మొదలు విమానవిద్య దాకా వేదాలలోనే పుట్టి, అరబ్బుల ద్వారా యూరపు చేరి, అక్కడివారి ఆవిష్కరణలుగా తిరిగివచ్చాయన్నాడు! ఆయన తెలివితక్కువవాడని ఎవరూ అనలేరు. ఇంజనీరుగా మాట్లాడినప్పుడు తప్పులు వెతికిన మనిషి, సభలో మాట్లాడినప్పుడు వెతకడం మానేశాడు. అలా మానేసినందుకు మెచ్చుకునే ప్రభుత్వం నెత్తిన కూర్చుని వుంది. వ్యక్తి సంగతి అక్కడితో వదిలేస్తాను.

ఎందుకంటే అసలు హాని బడి పిల్లలకు జరిగింది. 2023 అక్టోబరులో ఎన్.సి.ఇ.ఆర్.టి. చంద్రయానం మీద పాఠాలు విడుదల చేసింది. అందులో పుష్పకవిమానమూ, వైమానిక శాస్త్రమూ వచ్చి కూర్చున్నాయి. ఈ వైమానిక శాస్త్రం కథ 1974లోనే ముగిసింది. బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థకు చెందిన అయిదుగురు అధ్యాపకులు దాన్ని వరసగా పరిశీలించి, అది ఇరవయ్యో శతాబ్దం మొదటి పాతికేళ్ళలో రాసినదనీ, అందులో వర్ణించిన విమానాలు ఎగరలేవనీ తేల్చారు. అంటే అమెరికాలో రైట్ సోదరులు ఎగిరిన తరువాత ఇక్కడ పుట్టిన ప్రాచీన గ్రంథమన్నమాట. యాభై ఏళ్ళ కిందట మన దేశపు ఇంజనీర్లే కొట్టిపారేసిన సరుకును మన దేశపు ఇంజనీర్ల విజయం పేరు మీదనే పిల్లలకు పంచిపెట్టారు. శాస్త్రజ్ఞులు గోల చేస్తే ఆ పాఠాలు ఒకసారి మాయమై మళ్ళీ ప్రత్యక్షమయ్యాయి. అదే సంవత్సరం పదో తరగతి పుస్తకంలోనుంచి జీవపరిణామం పాఠం ఎగిరిపోయింది. పుష్పకవిమానానికి చోటు కావాలి గదా, డార్విను దిగిపోక తప్పలేదు!

చంద్రుడి మీద ఆ చోటుకు శివశక్తి అని పేరు పెట్టారు. 2008లో తాకిన చోటుకు అప్పటివారు జవహర్ పేరు పెట్టుకున్నారు. పేర్ల సంగతి అంతే. ఎవరి పటం వారు తగిలించుకుంటారు.

మన కుర్రవాడి మాటకు వస్తాను. ఇది నాకు ఎక్కువ బాధ కలిగించే సంగతి. "అన్నం ముందా, రాకెట్టు ముందా?" అన్న ప్రశ్న మన సభల్లో వినని రోజు లేదు. ఇందులో పస ఎంతో చూద్దాం. మూడవ చంద్రయానానికి అయిన ఖర్చు సుమారు 615 కోట్లు. నూట నలభై కోట్లమందికి పంచితే తలకు నాలుగు రూపాయల నలభై పైసలు. తార్నాకలో ఆ డబ్బుకు సగం చాయ్ కూడా రాదు. మరి ఆకలిగొన్నవాడి కంచంలోనిది తీసుకున్నదెవరు? రెండవ చంద్రయానం కూలిన పదమూడో రోజున, 2019 సెప్టెంబరు 20న, ఆర్థికమంత్రి కంపెనీల మీద పన్ను తగ్గించింది. దానివల్ల ఏడాదికి 1,45,000 కోట్లు పోతాయని ప్రభుత్వమే లెక్క చెప్పింది. ఒక్క సంవత్సరంలో ఒదులుకున్న ఆ డబ్బుతో మూడవ చంద్రయానం లాంటివి 235 పంపవచ్చు. మన కుర్రవాడు 615 కోట్లను చూసి మండిపడ్డాడు, 1,45,000 కోట్లను చూడలేదు. అది టెలివిజన్లో నిప్పులు కక్కుతూ లేవలేదు గనుక కనబడలేదు. ఇటువంటి కోపం పాలకవర్గానికి ఎంత సౌకర్యం! పేదవాడి పేరుతో ప్రయోగశాలను తిట్టించి, ఖజానాను నిశ్శబ్దంగా దాటించవచ్చు.

పైగా ఆ 615 కోట్లకు వచ్చిందేమిటో కూడా మనవాళ్ళు అడగడం లేదు. ప్రజ్ఞాన్ అనే ఆ చిన్న బండి చంద్రుడి దక్షిణ ధ్రువం వైపు, 69 డిగ్రీల అక్షాంశం దగ్గర, నూరు మీటర్ల పైచిలుకు నడిచింది. గంధకాన్ని గుర్తించింది. నేలలోకి గుచ్చిన ఉష్ణమాపకం పైపొర కాలిపోతూ వుండగా ఎనిమిది సెంటీమీటర్ల లోతున మంచుకన్నా చల్లగా వుందని చూపింది. ఆ మట్టి కూర్పును బట్టి, చంద్రుడు పుట్టిన కొత్తలో కరిగిన రాతి సముద్రంగా వుండేవాడన్న సిద్ధాంతానికి బలం చేకూరిందని అహమ్మదాబాద్ భౌతిక పరిశోధనశాల వారు 2024లో ప్రచురించారు. భౌతికవాదులమని చెప్పుకునేవారికి ఇది సంతోషం కాకపోతే మరేది సంతోషం?

మన పాతతరానికి ఈ సంగతి తెలుసు. విశాలాంధ్ర దుకాణంలో మాస్కోలో అచ్చయిన తెలుగు సైన్సు పుస్తకాలు కొనుక్కుని చదివినవారు వారు. 1970 డిసెంబరు 15న వెనెరా-7 శుక్రుడి మీద దిగి 23 నిమిషాలపాటు సంకేతాలు పంపింది. మరో గ్రహం నేల మీదినుంచి భూమికి వచ్చిన మొదటి మాట అదే. 1975 అక్టోబరులో వెనెరా-9 మొదటి ఫోటో పంపింది. 1982లో వెనెరా-13, 457 డిగ్రీల వేడిలో రెండు గంటల పైన బతికి, శుక్రుడి రాళ్ళను రంగుల్లో చూపింది. దున్నే చేతులకు చదువు చెప్పిన దేశం అరవై ఏళ్ళు గడవకముందే చేసిన పని ఇది. "ముందు అన్నం" అనే మన మిత్రులు ఆ దేశాన్ని మెచ్చుకుంటూనే ఈ దేశంలో రాకెట్టును తిట్టడం నాకు అర్థం కాదు.

అయితే చెప్పవలసింది పూర్తిగా చెప్పాలి. అదే సోవియట్ ప్రభుత్వం విఫలమైన యంత్రాలకు పేరు పెట్టలేదు. 1972 మార్చి 31న శుక్రుడికని బయలుదేరిన ఒక యంత్రం భూమి కక్ష్యలోనే చిక్కుకుపోయింది. దానికి "కాస్మోస్-482" అని నంబరు వేసి, శుక్రుడి మాటే ఎత్తకుండా వదిలేశారు. శుక్రుడి వేడికీ వొత్తిడికీ తట్టుకునేలా చేసిన ఆ లోహపు గుండు యాభై మూడేళ్ళు మన నెత్తిమీద తిరిగి 2025 మే 10న పడింది. దాన్ని పంపిన ప్రభుత్వం అంతకు చాలాముందే పడిపోయింది. దాచిన తప్పుకు ఇంతకన్నా సాక్ష్యం ఎవరు తెస్తారు? మనం దీన్ని మన ప్రత్యర్థుల నోట వినేదాకా ఆగడం దేనికి?

దాచడం సోవియట్ జబ్బు మాత్రమే కాదు. 2019లో కూలిన విక్రం గురించి కొద్ది రోజుల్లోనే "98 శాతం విజయం" అన్న ప్రకటన వచ్చింది. నవంబరులో లోక్‌సభకు ఇచ్చిన లిఖితపూర్వకమైన జవాబులో వేగం అనుకున్నదానికన్నా ఎక్కువ తగ్గిందనీ, యంత్రం గట్టిగా నేల తాకిందనీ నాలుగు ముక్కలు చెప్పారు. దర్యాప్తు నివేదిక పూర్తి పాఠాన్ని మాత్రం ప్రజల ముందు పెట్టలేదు. 2016 అక్టోబరులో యూరపు వారి స్కియాపరెల్లి అంగారకుడి మీద పగిలిపోయింది. ఒక్క సెకను పాటు ఒక పరికరం తికమకపడితే, యంత్రం తాను నేలకన్నా కిందికి పోయాననుకుని, ఇంకా కిలోమీటర్ల ఎత్తున వుండగానే పారాచూటు వదిలేసింది. చిన్నపిల్లలు నవ్వే తప్పు. దాన్ని వాళ్ళు 2017లో అచ్చువేసి ప్రపంచానికి పంచారు. వాళ్ళు పెట్టుబడిదారీ దేశాలవారే. అయినా ఆ విషయంలో వాళ్ళ దగ్గర నేర్చుకోవలసిందే.

మన కాంపస్‌కు వస్తే, ఉస్మానియాకు ఆకాశంతో వున్న సంబంధం నిన్నటిది కాదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఫిసల్‌బండలో మొదలుపెట్టిన నిజామియా వేధశాల 1919లో విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. ప్రపంచ దేశాలు ఆకాశాన్ని పంచుకుని నక్షత్రాల పట్టిక తయారుచేసినప్పుడు హైదరాబాదుకూ ఒక వాటా వచ్చింది. ఇక్కడివారు లక్షల నక్షత్రాలను కొలిచారు. 1968లో జపాల్-రంగాపూర్ దగ్గర 48 అంగుళాల దూరదర్శిని పనిలోకి వచ్చింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు నగరంలో జనం తలుపులు వేసుకుని ఇళ్ళలో కూర్చుంటే, రంగాపూర్‌లో మన అధ్యాపకులూ, విద్యార్థులూ పరికరాలు బిగించుకుని సూర్యుణ్ణి చూశారు. తరువాతి దశాబ్దాలలో ఆ దూరదర్శిని మూలపడింది. 2013 తరువాత పదేళ్ళకు పైగా విశ్వవిద్యాలయంలో బోధన పోస్టులకు నియామకాలు జరగలేదు; మంజూరైనవాటిలో సగానికి పైగా ఖాళీ పడ్డాయి. తిరుమలకు నమూనా తీసుకుపోవడానికి బృందం దొరికింది గాని, క్లాసులో పాఠం చెప్పడానికి మనిషి దొరకలేదు. మనం ధర్నా చేయవలసింది ఇక్కడ. చంద్రయానం వద్దని చేసే ధర్నా ఈ ఖాళీలు వుంచినవాళ్ళకే ఉపకరిస్తుంది.

ఇంతలో ఇంకొకరు వస్తున్నారు. 2020లో అంతరిక్షరంగాన్ని ప్రైవేటు కంపెనీలకు తెరిచారు. 2022 నవంబరు 18న హైదరాబాదు కంపెనీ స్కైరూట్ తన మొదటి రాకెట్టును ఎగరేసింది. ఆ కుర్రవాళ్ళ తెలివిని నేను తక్కువ చేయను. కాని స్థాపకులు ఇస్రోలో నేర్చిన పని ప్రజల డబ్బుతో నేర్చింది. రాకెట్టు లేచిన శ్రీహరికోట ప్రజల నేల. ఆ నేల కూడా వూరికే రాలేదు. 1969లో ఆ దీవిని ఎంచుకున్నప్పుడు, అడవినీ నీటినీ నమ్ముకుని తరతరాలుగా అక్కడ బతికిన యానాదులు చోటు వదులుకోవలసి వచ్చింది. శాస్త్రం కోసమని వారిని కదిలించారు. రేపు లాభం కోసం అదే నేల అద్దెకిచ్చినప్పుడు వారికి ఏమి చెబుతారు? 1979 నాటి చంద్రుడి ఒప్పందం ఆ నేలను మానవజాతి ఉమ్మడి సొత్తు అన్నది. భారతదేశం 1982లో సంతకం చేసి ఆమోదించకుండా పక్కన పెట్టింది. 2023 జూన్‌లో అమెరికా తెచ్చిన ఆర్టెమిస్ ఒడంబడిక మీద మాత్రం సంతకం చేసి వచ్చింది. అందులో చంద్రుడి మీద ఖనిజాలు తవ్వుకోవడం సొంతం చేసుకోవడం కిందికి రాదని తియ్యగా రాసి వుంది. బొగ్గు గనుల దగ్గర పెరిగిన తెలంగాణ పిల్లలకు తవ్వుకోవడానికీ, సొంతం చేసుకోవడానికీ వున్న తేడా ఎవరూ చెప్పనక్కరలేదు.

హోటల్లో నాతో వాదించిన విద్యార్థి ఆ తరువాత కూడా చాలాకాలం వాదించాడు. నాలుగు రూపాయల నలభై పైసల లెక్కను కాగితం మీద మళ్ళీ కట్టి చూసుకున్నాడు. మొన్న గదికి వచ్చి, "2019 రిపోర్టు పూర్తిది ఎక్కడ దొరుకుతది సార్?" అన్నాడు. దొరకదన్నాను. అయితే సమాచారహక్కు చట్టం కింద అడుగుతానన్నాడు. దరఖాస్తు రుసుము పది రూపాయలు. భద్రత పేరు చెప్పి నిరాకరిస్తారేమో, అప్పుడు అప్పీలుకు పోవాలని చెప్పాను. ఇంగ్లీషులో రాయాలా అని అడిగాడు. తెలుగులోనే రాయమన్నాను. ఇంజన్ల గురించి మూడు ప్రశ్నలు రాసి తెచ్చాడు; ఒకటి నేను దిద్దాను, రెండు అతనే సరిగా రాశాడు.